నర్సు కొలువు, నర్సు విద్య



నేడు నేను ముచ్చటింపబూనిన విషయము పైకి చిన్నదిగా గనబడును. కాని మన పల్లెలలో నెన్నో యిండ్ల క్షేమము దీనితో ముడివడియున్నది. ముండ్లమూరు, దర్శి, అద్దంకి ప్రాంతములనుండి ఆడపిల్లలు నర్సు విద్య నేర్చి ఒంగోలు, గుంటూరు, హైదరాబాదు, బెంగుళూరు ఆసుపత్రులలో కొలువులు చేయుచున్నారు. పొగాకును, మిరపను, కందిని నమ్ముకొన్న యిండ్లలో పంట తప్పిన యేట ఆ పిల్ల పంపు జీతమే వడ్డీలకును, తమ్ముని చదువునకును ఆధారమగుచున్నది. అట్టి పిల్ల యొకనాడు పెట్టె పట్టుకొని యింటికి తిరిగివచ్చును. కొలువు తీసివేసినారని తల్లితో చెప్పును. ఆ మాట పొద్దుగ్రుంకునప్పటికి రచ్చబండ చేరును. అచ్చట "ఎందుకు తీసేశారు?" అని యడుగువారు తక్కువ, "ఏం చేసిందో!" యనువారే యెక్కువ. ఈ రెండు మాటల నడుమ నున్న దూరమే నా ప్రసంగ విషయము.

కొలువు పోయిన నర్సు మరల నొక ఆసుపత్రికి పోయి, అచ్చటి యధికారుల యెదుట కూర్చుండి, వారడుగు ప్రశ్నలకు జవాబు చెప్పవలసిన వేళ ఆమె చేతిలో నేమి మిగిలియుండును? పాత యజమాని దయతో నిచ్చిన మంచిమాట యొక్కటేనా? లేక యే యజమానియు తీసికొనలేనిది వేఱొకటి గలదా? ఈ ప్రశ్నకు 160 ఏండ్లకు మించిన చరిత్ర యున్నది.

నేను బడిపంతులుగా పనిచేసి విరమించినవాడను. దరఖాస్తులు వ్రాయించుకొనుటకు మా చుట్టుప్రక్కల పిల్లలు నాయొద్దకు వచ్చుట వాడుక. కొంతకాలము క్రిందట నొక యమ్మాయి వచ్చినది. పట్టణములోని యొక ప్రైవేటు ఆసుపత్రిలో రెండేండ్లు పనిచేసినది; పడకలు తగ్గించుచున్నామని చెప్పి ఆమెను తొలగించిరి. "పూర్వపు కొలువు విడుచుటకు కారణము" అను గడి కడకు వచ్చునప్పటికి కలము నిలిపి, "మాస్టారూ, ఇక్కడేం రాయమంటారు? ఆ రెండేళ్ళు అసలు లేనట్టే వదిలేయమంటారా?" అని యడిగినది. ఆ బిడ్డకు నేనిచ్చిన జవాబు తరువాత చెప్పెదను. ఆ జవాబునకు బలమిచ్చిన చరిత్రను ముందుగా వినుడు.

1860లో లండను నగరమందలి సెంటు తామసు ఆసుపత్రిలో ఫ్లారెన్సు నైటింగేలు పేర నర్సుల పాఠశాల తెరువబడెను. మొదట చేరినవారు 15 మంది. అంతకు పూర్వము ఆసుపత్రులలో రోగుల చెంత నుండు స్త్రీలను జనులు గౌరవముతో చూచెడివారు కారు. నర్సు పని నీతియు, శిక్షణయు గల వృత్తి యని లోకమునకు చూపవలెనన్నదే ఆ పాఠశాల సంకల్పము. అందుచేత అచ్చటి మేట్రను ప్రతి విద్యార్థినిని గూర్చియు నెలనెలకు నొక పట్టిక నింపుచుండెడిది. వేళ తప్పకుండుట, నెమ్మది, నమ్మదగినతనము, శుచి మొదలగు గుణములకు అందు వేఱువేఱు గడులుండెను. ఏడాది శిక్షణ ముగిసి, యోగ్యురాలని తేలినదాని పేరు పాఠశాల తన పుస్తకములో నెక్కించెడిది.

ఇది మంచి యేర్పాటే. నర్సు వృత్తికి గౌరవము కలుగుటకు దీనివలన ఎంతో మేలు జరిగినది. కాని ఒక్క సంగతి గమనింపుడు. పేరెక్కించు పుస్తకము పాఠశాలదే, పట్టిక వ్రాయు చేయి మేట్రనుదే. ఆమెకు కోపము వచ్చి "ఈమె పనికిరాదు" అని వ్రాసినచో ఆ మాటపై చెప్పుకొనుటకు వేఱొక చోటు లేదు. కొలువు పోయినప్పుడు కొలువుతోపాటు నర్సు అను పేరునకు సయితము ముప్పు వచ్చెడిది. కౌలు భూమి చేజారిన రైతునకు, ఇక నీవు సేద్యగాడవే కావని చెప్పినట్లుండెను ఆనాటి పరిస్థితి.

ఈ లోపమును గుర్తించినవారిలో ముఖ్యురాలు ఎథెలు బెడ్ఫర్డు ఫెన్విక్కు. ఆమె 1881 మొదలు లండనులోని సెంటు బార్తలోమ్యూ ఆసుపత్రికి మేట్రనుగా నుండి, 1887లో వివాహమాడి ఆ పదవి విడిచెను. ఆ సంవత్సరమందే ఆమె బ్రిటిషు నర్సుల సంఘమును స్థాపించెను. ఆమె కోరినది యిది: వైద్యులకు వలెనే నర్సులకును చట్టముచే నేర్పడిన యొక రిజిస్టరు ఉండవలెను. నిర్ణీతమైన చదువు చదివి, పరీక్ష యిచ్చి, నెగ్గినవారి పేరు అందు చేరవలెను. ఆ రిజిస్టరు ఏ యొక్క ఆసుపత్రి సొత్తును కారాదు.

ఆశ్చర్యమేమనగా, నైటింగేలు దొరసాని దీనిని గట్టిగా నెదిరించెను. నర్సుకు ముఖ్యము గుణము. గుణమును పరీక్షచే కొలువజాలము. ఎన్నడో నెగ్గిన పరీక్షను చూపి, నేటి నడవడిని ఎట్లు పూచీపడగలము? ఇది ఆమె వాదము. అందు న్యాయము లేకపోలేదు. రోగి ప్రాణము మార్కుల కాగితముపై నిలువదు గదా! కాని గుణమును నిర్ణయించు అధికారము ఒక్కరి చేతిలోనే యుండి, ఆ నిర్ణయముపై విచారణ లేకపోయినచో నిరపరాధి గతి యేమి? ఫెన్విక్కు పక్షము వారి ప్రశ్న యిది. ఈ వివాదము 30 ఏండ్లకు మించి సాగెను. ఈ లోపల న్యూజీలాండు దేశము 1901లోనే నర్సుల రిజిస్టరునకు చట్టము చేసెను. ఇంగ్లండులో 1919 డిసెంబరులో చట్టమాయెను. 1921లో తెరచిన ఆ రిజిస్టరులో మొదటి పేరు ఫెన్విక్కుదే.

ఇక మన దేశమునకు వత్తము. మదరాసు ప్రభుత్వ జనరలు ఆసుపత్రిలో 1871లో నర్సుల శిక్షణ మొదలైనది. మనకు సమీపమున గుంటూరులో, 1883లో అమెరికానుండి వచ్చిన డాక్టరు అనా సారా కుగ్లరు స్త్రీలకును, బిడ్డలకును వైద్యము చేయుచు, 1898లో ఆసుపత్రి తెరచెను. పల్లెలలో మంత్రసాని తప్ప దిక్కులేని ఆ కాలమున అట్టి ఆసుపత్రులే తెలుగు స్త్రీలకు ఈ విద్యకు వాకిళ్ళు తెరచినవి. ఆ దినములలో కులాచారములను కాదని పరుల శరీరములను ముట్టి, గాయములు కడిగిన మొదటి తరము స్త్రీలు ఎన్ని మాటలు పడియుందురో మీరూహింపగలరు. వారిని కొలువులోనుండి తీసినచో పోవుటకు వేఱొక చోటు ఉండెడిది కాదు. ఆసుపత్రియే వారికి బడి, ఇల్లు, యజమాని, సాక్షి.

1926లో మదరాసు శాసనసభ నర్సుల, మంత్రసానుల చట్టమును చేసెను. అప్పుడు మన దర్శి, పొదిలి ప్రాంతములు మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో నుండెను గనుక ఆ చట్టము మనకును చెల్లినది. దానివలన నొక మండలి యేర్పడి, రిజిస్టరు పుట్టినది. 1953లో ఆంధ్ర రాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశము ఏర్పడిన పిమ్మటను ఆ చట్టము మార్పులతో మనకు వర్తించుచు వచ్చినది. భారతదేశమంతటికిని చదువులో నొక ప్రమాణము నిలుపుటకు 1947లో భారత నర్సింగు మండలి చట్టమును, 2023లో నర్సింగు, ప్రసూతివిద్యల జాతీయ కమిషను చట్టమును వెలువడినవి.

ఈ చట్టముల సారమును పల్లె మాటలో చెప్పెదను. ఉద్యోగము యజమానిది, విద్య నర్సుది. యజమాని తన గుమ్మము మూయవచ్చును గాని, మండలి రిజిస్టరులో నున్న పేరును కొట్టివేయజాలడు. ఆ పేరు కొట్టివేయవలెనన్నచో తగిన కారణమును, మండలి విచారణయు నుండవలెను. పట్టాపుస్తకములో నున్న పేరునకును, కౌలు కాగితమునకును గల భేదమే యిచ్చటను గలదు. కొలువు పోయి యింటికి వచ్చిన నర్సు ఆ క్షణమున గూడ నర్సే.

"చట్టమున్నది, సరే. తొలగింపబడిన మనిషి తప్పు చేయకయే యుండునా?" అని మీరడుగవచ్చును. ఈ సందేహమునకు సికింద్రాబాదునుండి యొక జవాబు గలదు. ఇది న్యాయస్థానము తీర్పులో నెక్కిన కథ.

సెలీనా జాన్ అను నామె భారత సైన్యపు నర్సింగు సర్వీసునకు ఎన్నికై, ఢిల్లీ సైనికాసుపత్రిలో శిక్షణ పొంది, 1985లో లెఫ్టినెంటు హోదా నందెను. ఆమెను సికింద్రాబాదు మిలిటరీ ఆసుపత్రిలో నియమించిరి. 1988లో ఆమె ఒక సైనికాధికారిని పెండ్లాడెను. ఆ యేడు ఆగస్టు 27వ తేదీతో ఆమెను సర్వీసునుండి విడుదల చేయుచు ఉత్తరువు వచ్చెను. సంజాయిషీ యడిగినది లేదు, ఆమె మాట విన్నది లేదు. కారణమేమనగా 1977 నాటి సైనిక ఉత్తరువు 61వ నంబరు. నర్సింగు అధికారిణి కొలువు ఏయే కారణములచే ముగియునో అందు వరుసగా వ్రాసియుండెను. శరీరము పనికిరాదని వైద్యులు తేల్చుట యొకటి, వివాహమాడుట యొకటి, దుర్నడత, ఒప్పందమును మీరుట, పని తృప్తికరముగా లేకుండుట యొకటి. పెద్దలారా, యోచింపుడు! మనము పీటలపై కూర్చుండబెట్టి, అక్షతలు చల్లి ఆశీర్వదించు పెండ్లి, ఆ కాగితములో దుర్నడత ప్రక్కన కూర్చున్నది.

ఆమె ఊరకుండలేదు. అలహాబాదు హైకోర్టు మెట్లెక్కెను. పిమ్మట సాయుధబలముల ట్రిబ్యునలు లక్నో శాఖకు పోయెను. ఈ నడుమ 1995 ఆగస్టులో ఆ నిబంధనను ప్రభుత్వమే తీసివేసినది; కాని అంతకుముందు తొలగింపబడిన ఆమెకు దానివలన కొలువు తిరిగి రాలేదు. 2016 మార్చి 22వ తేదీన ట్రిబ్యునలు ఆమె పక్షమున తీర్పు చెప్పెను. ప్రభుత్వము సుప్రీంకోర్టునకు పోయెను. 2024 ఫిబ్రవరి 14వ తేదీన న్యాయమూర్తులు సంజీవ్ ఖన్నా, దీపాంకర్ దత్తా తీర్పు నిచ్చిరి. పెండ్లి చేసికొన్నదని స్త్రీని కొలువునుండి తీయుట మోటైన లింగవివక్ష యనియు, అది రాజ్యాంగమునకు విరుద్ధమనియు వారు తేల్చిరి. మరల కొలువిచ్చుటకు బదులుగా 60 లక్షల రూపాయలను ఎనిమిది వారములలో చెల్లింపవలెననిరి. ఉత్తరువు వచ్చిన నాటినుండి ఆ తీర్పునకు 35 ఏండ్లు దాటినవి.

ఆ తీర్పులో మన విషయమునకు పనికివచ్చు చిన్న వాక్యమొకటి యున్నది. తొలగింపబడిన తరువాత ఆమె కొంతకాలము ప్రైవేటు సంస్థలో నర్సుగా పనిచేసినదని న్యాయమూర్తులు గమనించిరి. అనగా సైన్యము తీసివేసిన నర్సును వేఱొకరు నర్సుగానే తీసికొనిరి. సైన్యము తన కొలువును వెనుకకు తీసికొన్నది గాని, ఆమె చేతిలోని విద్యను తీసికొనలేకపోయినది.

ఇట్టి నిబంధనలు నర్సులకే పరిమితము కాలేదు. బొంబాయిలో నొక మందుల కంపెనీలో మందులు కట్టు విభాగమున పనిచేయు స్త్రీలు పెండ్లియైనచో కొలువు విడువవలెనను నియమమును 1965లో సుప్రీంకోర్టు కొట్టివేసెను. పెండ్లియైన స్త్రీలు పనికి సరిగా రారను వాదమును న్యాయమూర్తులు ఒప్పుకొనలేదు. 1979లో విదేశాంగ సర్వీసు అధికారిణి ముత్తమ్మ తెచ్చిన దావాలోను అట్టి నియమములను కోర్టు తప్పుపట్టెను. ఈ తీర్పులను బట్టి మనకు తెలియునదేమి? తొలగింపు ఉత్తరువు ఒక్కొక్కప్పుడు తొలగింపబడినవారి తప్పును గాక, తొలగించిన నియమపు తప్పునే చూపును.

తప్పు ఎవరిదియు కాని తొలగింపులును గలవు. 2020లో కోవిడు మహమ్మారి వచ్చినప్పుడు ప్రభుత్వములు వేగిరపడి ఒప్పందముపై నర్సులను తీసికొన్నవి. దగ్గరి బంధువులే దూరముగా నిలిచిన దినములలో వారు రోగుల మంచముల కడ నిలిచిరి. రోగము తగ్గుముఖము పట్టగానే ఆ యొప్పందములు ముగిసినవి. 2021 జూలైలో హైదరాబాదులో అట్లు కొలువు పోయిన నర్సులు వీథికెక్కి తమ గోడు చెప్పుకొనిరి. వారిలో ఏ యొక్కరిని చూచియైనను "ఏం చేసిందో!" యనుటకు మనకు నోరాడునా?

కావున తొలగింపులు అన్నియు నొక్కటి కావు. పని తగ్గి తొలగించుట వేఱు. ఒప్పంద కాలము ముగియుట వేఱు. పరీక్షాకాలములో సరిపడలేదనుట వేఱు. అన్యాయపు నియమముచే తీయుట వేఱు. విచారణ జరిపి, తప్పు రుజువై బర్తరఫు చేయుట వేఱు. ఈ కడపటిది నిజముగా బరువైనదే. మందు మార్చి యిచ్చినచో ప్రాణము పోవు వృత్తి యిది. అట్టి తప్పునకు శిక్ష యుండవలసినదే. కాని ఐదింటిని ఒక్క త్రాటగట్టి ఒక్క పేరు పెట్టుట న్యాయము కాదు.

ఇక నేనా యమ్మాయికి చెప్పిన జవాబు వినుడు. "గడి ఖాళీగా విడువకమ్మా. పడకలు తగ్గించినందున తొలగించిరని యున్నదున్నట్లు వ్రాయుము. ఆ రెండేండ్లు నీవు కష్టపడి సంపాదించిన యనుభవము. దానిని నీ చేతులతో నీవే పాతిపెట్టుకొందువా?" అంటిని. అబద్ధమాడినను అతికినట్లుండవలెనని మన సామెత. కాని నర్సు కొలువులో ఆ అతుకు నిలువదు. క్రొత్త ఆసుపత్రి వారు పాతవారికి ఫోను చేసి విచారింతురు. దాచినది బయటపడినచో తొలగింపునకంటె ఆ దాపరికమే పెద్ద మచ్చ యగును. పైగా ఇంటర్వ్యూ చేయువారు నర్సులో ముఖ్యముగా వెదకునది తన వలన జరిగిన పొరపాటును రోగి కొఱకు వెంటనే చెప్పగల ధైర్యము. తన కథ చెప్పుకొనుటలో దాచినది, రేపు మందు మోతాదు తప్పినప్పుడు చెప్పునా యని వారు సందేహింతురు.

మరికొన్ని మాటలు కూడ చెప్పితిని. మండలి యిచ్చిన రిజిస్ట్రేషను పత్రమును మొదటి కాగితముగా పెట్టవలెను. పనిచేసిన కాలమును తెలుపు పత్రమును, కొలువునుండి విడుదల చేసిన పత్రమును పాత ఆసుపత్రినుండి వ్రాతపూర్వకముగా అడిగి తీసికొనవలెను. కొన్ని చోట్ల అసలు సర్టిఫికెట్లను ఆసుపత్రివారే పెట్టెలో నుంచుకొను వాడుక గలదు; అవి యింకను వారియొద్దనే యున్నచో వెంటనే తిరిగి కోరవలెను. "ఎందుకు మానితివి?" అని యడిగినచో రెండు మూడు వాక్యములలో కారణము చెప్పి ఆపవలెను. పాతవారిని నిందింపరాదు, కన్నీరు పెట్టరాదు. వెంటనే తాను చేసిన పనిని చెప్పవలెను: ఏ వార్డులో నుండెను, రాత్రి వేళ ఎందరు రోగులను చూచెను, ఏయే యంత్రములను నడపగలదు. తప్పు నిజముగా తనదే యైనచో, అది యిట్టిదని ఒప్పుకొని, తరువాత తన పద్ధతిని ఎట్లు మార్చుకొన్నదో చెప్పవలెను. ఆమె యీ మాటల నొక కాగితముపై వ్రాసికొని పోయినది.

ఇంటర్వ్యూ గదిలో ఆ బిడ్డకు తోడుగా మనము కూర్చుండలేము. కాని ఆ గదికి పోవుటకు ముందు ఆమె మన వీథిలో నడచి బస్సెక్కవలెను. అచ్చట ఆమె తల వంచుకొని నడచునా, ఎత్తుకొని నడచునా యనునది మన చేతిలో నున్నది. చట్టము ఆమె పేరును రిజిస్టరులో నిలిపినది. ఆ పేరును రచ్చబండ కొట్టివేయుచున్నచో చట్టమేమి చేయగలదు? కొలువు పోయినదను శిక్షకు ఊరి నోరు రెండవ శిక్ష యగును. కొందరు తల్లిదండ్రులు ఆ నోటికి వెఱచి, పిల్లను మరల కొలువునకు పంపుట మాని, చేతి విద్యను మూలబెట్టించి, తొందరపడి సంబంధములు చూతురు. నాలుగేండ్ల చదువు, అందుకై చేసిన యప్పు, రోగులకు కావలసిన రెండు చేతులు, అన్నియు ఆ యొక్క మాటతో వ్యర్థమగును.

పొదిలి పొగాకు వేలము కేంద్రమునకు బేళ్ళు తోలిన పెద్దలు మీలో ఎందరో యున్నారు. ఒకనాడు కొనువాడు లేక తిరిగివచ్చిన బేలు మరియొకనాడు మంచి ధర పలుకుట మీరెఱుగనిది కాదు. ఆ దినమున కొనువారి అవసరము వేఱు. ఆకు మాత్రము అదే యాకు. బేలు వెనుకకు వచ్చినంతనే యింటికి తెచ్చి తగులబెట్టు రైతును నేను చూడలేదు. ఆకునకు మనము చూపు ఈపాటి ఓర్పు ఆడబిడ్డకు చూపలేమా?

కావున పెద్దలకు నా విన్నప మొక్కటే. ఇక మీదట ఏ యింటి బిడ్డయైనను కొలువు పోయి తిరిగివచ్చినదని వినినప్పుడు, తీర్పు చెప్పుటకు ముందు కారణ మడుగుడు. ఆమె చెప్పునది చివరిదాక వినుడు. పిమ్మట, "నీ రిజిస్ట్రేషను కాగితము భద్రముగా నున్నదా, తల్లీ? తరువాతి ఇంటర్వ్యూ ఎన్నడు?" అని యడుగుడు. సికింద్రాబాదు నర్సు తన మాట వినిపించుకొనుటకు 35 ఏండ్లు పట్టినది. మన వీథిలోని బిడ్డ మాట వినుటకు మనకొక సాయంకాలము చాలును.